మీటరు తాత ఇంట్లో దొంగ

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళుంటారని వింటూ ఉంటాం. మీటరు తాత వాళ్ళకంటే ఒక మెట్టు పైనే ఉంటాడు. ఎదుటివాడు ఆవులింత ఆపుకుంటే, ఎందుకు ఆపుకున్నాడా అని కూడా ఆలోచించే రకం. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, చేసిన ఉద్యోగం అలాంటిది. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూడటం ఆయన పని. మీటరు మీద క్యాలెండరు వేలాడదీసేవాళ్ళనీ, కుక్క గొలుసు విప్పేసి “ఏమీ అనదు లెండి” అనేవాళ్ళనీ చూశాడు. ఇంటావిడ ముందుగదిలో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, యోగక్షేమాలు అడుగుతుంటే, ఇంటాయన పెరటివైపు నిచ్చెనెక్కి దొంగ వైరు పీకే ఇళ్ళు కూడా చూశాడు. అలా చూసీ చూసీ, ఎవరైనా కాస్త మర్యాద ఎక్కువ చేస్తే చాలు, ఆయన చూపు గోడ వెంట పాకేది. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు లేచి కుర్చీ ఇస్తే, భార్యని వంటింట్లోకి పిలిచి “వీడేం దాస్తున్నాడంటావు?” అని అడిగిన మనిషి.

రిటైరైతే ఈ గుణం తగ్గుతుందని ఇంట్లోవాళ్ళు ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, దానికి శిష్యులు కూడా దొరికారు. వీధి చివర కాలనీ హాల్లో పిల్లలకి ఇంట్లో పొదుపుగా, దేన్నీ పాడుచేయకుండా బతకడం నేర్పిస్తే బాగుంటుందని కాలనీ కమిటీకి తోచింది. కరెంటు సంగతి తెలిసినవాడు, ఖాళీగా ఉన్నవాడు, పైగా ఊరికే వచ్చేవాడు కావాలి. ఆ మూడూ ఉన్న మనిషి వీధి మొత్తానికి ఈయనొక్కడే. బడి వదిలాక వచ్చే పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు, అందరితో హాలు నిండేది.

భూమిని కాపాడండి, భవిష్యత్తుని కాపాడండి అంటూ ఉపన్యాసాలివ్వడం ఆయనకి చేతకాదు. ఆయనకి తెలిసింది ఒకటే విద్య, అనుమానించడం. అదే నేర్పాడు.

“మీ ఇంట్లో ఒక దొంగ ఉన్నాడు,” అన్నాడు మొదటిరోజే. కునికిపాట్లు పడుతున్న కుర్రాళ్ళు లేచి కూర్చున్నారు. “ఇంటిని నిద్రపుచ్చండి. ఫ్యాను, లైటు, టీవీ, ఫ్రిజ్, అన్నీ కాసేపు ఆపేసి మీటరు ముందు నిలబడండి. దాని మీద చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. కరెంటు వాడుతున్నంతసేపూ అది మినుకుమినుకుమంటుంది. అన్నీ ఆపినా అది ఇంకా మినుకుమంటోందంటే, ఎవడో దాక్కుని తాగుతున్నాడన్నమాట. పట్టుకోండి.”

పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? గోడకి వదిలేసిన చార్జర్లు దొరికాయి, ఎవరూ చూడని గదిలో వెలిగే లైట్లు దొరికాయి. ఫ్లష్ ట్యాంకులో చిటికెడు రంగుపొడి వేసి, ఎవరూ నొక్కకుండానే కింద నీళ్ళు రంగు తిరిగితే ట్యాంకు కారుతోందని తేల్చారు. చెత్తబుట్ట తిరగేసి, పారేసినదాంట్లో తినదగ్గదెంతో చూశారు. గిన్నె మీద మూత పెట్టకుండా ఉడికిస్తే అమ్మల వెనకే వెళ్ళి నిలబడ్డారు. కొన్నాళ్ళకి కాలనీలో పెద్దవాళ్ళ ప్రాణం విసిగిపోయింది. ఒక తండ్రి స్నానాల గదిలో ఉండగా కొడుకు బయట నిలబడి బకెట్ల చప్పుడు వింటున్నాడట. ఒకావిడ ఏకంగా హాలుకే వచ్చి, “మా అమ్మాయి నన్ను దొంగని చూసినట్టు చూస్తోందండీ,” అని మొత్తుకుంది.

“కరెంటు తగ్గిందా లేదా?” అన్నాడు మీటరు తాత.

“తగ్గింది. ఇంట్లో మాటలూ తగ్గాయి,” అందావిడ.

రెండో మాట ఆయన చెవికెక్కలేదు. మొదటిదానికే మురిసిపోయాడు. ఆ ఊపులో నోరుజారి ఒక మాట ఇచ్చేశాడు. వచ్చే నెల మొదటి ఆదివారం అందరూ తన ఇంటికే రావచ్చు, తన ఇంటిని నిద్రపుచ్చి చూడవచ్చు, చుక్క మినుకుమంటే ఆ రోజు నుంచి తను పాఠం చెప్పడం మానేస్తాడు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. తను, భార్య, మనవరాలు. కూతురూ అల్లుడూ ఉద్యోగరీత్యా వేరే చోట ఉంటూ, పిల్ల చదువు చెడకూడదని ఇక్కడ ఉంచారు. పదో తరగతి చదివే ఆ పిల్ల తాతయ్య శిష్యుల్లో మొదటిది. ఫ్రిజ్ మూలుగుని బట్టి దాని తలుపు సరిగ్గా పడిందో లేదో చెప్పగలిగేది. మేడ మీద గదిలో టైలరు అద్దెకుంటున్నాడు, ఒంటరివాడు. అతని మీటరు వేరే. కానీ రెండు మీటర్లూ కింద వరండాలో పక్కపక్కనే ఉంటాయి, అందులోనే వచ్చింది చిక్కంతా.

చలి మొదలైన రోజుల్లో మీటరు తాత ఒక తేడా కనిపెట్టాడు. హాలుకి బయల్దేరేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి తన మీటరు చూసుకోవడం ఆయనకి అలవాటు. ఆ వేళలో ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏదీ నడవదు. ఫ్రిజ్ ఎంత తాగుతుందో ఆయనకి కంఠతా వచ్చు. దానికి పైన ఏదో కాస్త ఎక్కువ తిరుగుతోంది. ఆ కాస్త ఎంతంటే, మరొకరైతే కళ్ళజోడు పెట్టుకుని చూసినా పట్టించుకోరు. ఈయనకి మాత్రం కంట్లో నలుసైంది.

ముందు ఫ్రిజ్ ని అనుమానించాడు. దాన్ని గోడకి ఎడంగా జరిపి, వెనక దుమ్ము దులిపి, తలుపు రబ్బరు సందులో కాగితం పెట్టి లాగి చూశాడు. ఫ్రిజ్ నిర్దోషి అని తేలింది. తరవాత భార్య వైపు చూశాడు.

“నేను లేనప్పుడు టీవీ గానీ పెడుతున్నావా?”

“నాకు టీవీ ఎక్కడ కుదురుతుందండీ,” అంది ఆవిడ చూపు తిప్పుకుని.

ఆ చూపు తిప్పుకోవడం ఆయనకి నచ్చలేదు. టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉంది. సరిగ్గా ఆ వారంలోనే మనవరాలు హాలుకి రావడం మానేసింది. చదువుకోవాలంది. పరీక్షలు ఎంతో దూరంలో ఉన్నాయి. మొదటి వరసలో కూర్చుని ప్రశ్నలతో ప్రాణం తీసే పిల్లకి ఉన్నట్టుండి ఇంట్లో చదువు మీద అంత ప్రేమ పుట్టుకొస్తే ఏ తాతయ్య నమ్ముతాడు?

“మన మీటరు ఏదో తింటోంది తల్లీ. నువ్వు చూడు,” అని ఆ పిల్లకే కేసు అప్పగించాడు, ఏమంటుందో చూద్దామని.

మర్నాడు ఆ పిల్ల నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి, “అంతా చూశాను తాతయ్యా. ఏమీ దొరకలేదు. మీటరే పాతదైపోయిందేమో,” అంది.

మీటరు పాతదైందట. ఆయన మీటరుకే ఆ మాట. తన శిష్యురాలి నోట వచ్చిన మాట కాదది, దొంగ వైరున్న ఇంటివాళ్ళు చెప్పే మాట. ఇంట్లో తనకి తెలియకుండా ఏదో జరుగుతోందని మీటరు తాతకి అనుమానం గట్టిపడిపోయింది.

ఆ తరవాత రెండు మూడు రోజులకే మేడమెట్ల మీద టైలరు కనిపించాడు, చేతిలో గుడ్డసంచీతో. కింద మెట్టు మీద మనవరాలు చెయ్యి చాపి ఉంది. తాతయ్యని చూడగానే ఆ చెయ్యి వెనక్కి పోయింది. టైలరు ముఖం తేలు కుట్టిన దొంగ ముఖంలా తయారైంది.

“ఏమిటయ్యా అది?”

“గుడ్డముక్కలండీ. కత్తిరింపుల్లో మిగిలినవి. పాప ఏదో కుట్టుకుంటానంటే.”

గుడ్డముక్కలు దాచుకునే వస్తువులా? పైగా పాత గుడ్డలు పారేయకండి, పనికొచ్చేది కుట్టుకోండి అని హాల్లో చెప్పింది తనే. తను మెచ్చుకునే పనిని తనకి చాటుగా ఎందుకు చేస్తున్నారు? చిక్కు విడిపోయిందనుకున్నాడు మీటరు తాత. టైలరుకి మిషనుంది, ఇస్త్రీపెట్టె ఉంది. తన లైను నుంచి చిన్న వైరు లాక్కున్నాడు. అది కనపడకుండా పిల్లకి గుడ్డముక్కలిచ్చి మంచి చేసుకుంటున్నాడు. దొంగిలించింది చెంచాడే కావచ్చు. చెంచాతో మొదలుపెట్టినవాడు రేపు బిందె పట్టుకురాడా? ఆ సాయంత్రమే మేడ మీదికెళ్ళి, అతని గదిలో గోడలన్నీ తడిమి, మిషను కింద దూరి, బల్ల జరిపి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

“నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి,” అన్నాడు దిగుతూ.

టైలరు ఏదో చెప్పబోయి, “అలాగేనండీ,” అని ఊరుకున్నాడు. తప్పు చేయనివాడు అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా అని మీటరు తాత మెట్లన్నీ దిగేదాకా అనుకుంటూనే ఉన్నాడు.

ఆదివారం దగ్గరపడింది. పిల్లలందరి ముందు చుక్క మినుకుమంటే పరువు గంగలో కలుస్తుంది. ఒకరోజు రోజూలాగే చెప్పులేసుకుని, రోజూలాగే “వెళ్ళొస్తాను” అని, వీధి మలుపు దాకా నడిచాడు. హాలు తాళంచెవి అక్కడున్న పెద్ద కుర్రాడి చేతిలో పెట్టి, ఇవాళ్టి పాఠం మీరే చూసుకోండి, అని చెప్పి వెనక్కి తిరిగాడు. పక్కగేటు తీసుకుని పిల్లి అడుగులు వేస్తూ వరండాలోకి వచ్చాడు.

ఎర్ర చుక్క మినుకుమంటోంది. ఫ్రిజ్ మూలుగు వినపడటం లేదు, అంటే అది కాదు. మేడ మీద మిషను టకటకలాడుతోంది, టైలరు మీటరు దాని పాటికి అది వేగంగా తిరుగుతోంది. ఆ మిషను చప్పుడు ఆగినప్పుడు అటు మీటరు నెమ్మదించింది. తన చుక్క మాత్రం తన పద్ధతిలోనే ఉంది. టైలరు కాదన్నమాట. ఆయనకి మొదటిసారి కాస్త తడబాటు కలిగింది.

పక్కనే గదికొక స్విచ్చు ఉన్న పెట్టె ఉంది. ముందుగది స్విచ్చు దించాడు. చుక్క ఆగలేదు. వంటిల్లు దించాడు. ఆగలేదు. వెనకగది దించాడు. చుక్క టక్కున ఆగిపోయింది. దొరికాడు అనుకున్నాడు.

వెనకగది కిటికీ వరండా పక్కనే. అందులోంచి భార్య గొంతు వినిపించింది.

“చల్లబడిపోతోందే. కరెంటు పోయినట్టుంది. లేకపోతే మీ తాతయ్యగాని వచ్చారేమో చూడు. ఆయనైతే దీన్ని ఆ దుప్పట్ల కింద తోసెయ్యి.”

“ఇంకా టైముంది అమ్మమ్మా. నువ్వు కదలకు. ఇప్పుడేగా మోకాలికి వేడి తగిలింది.”

“పైనాయనకి ఇది తిరిగి ఇచ్చేద్దామే. పాపం నడుం నొప్పికి కొనుక్కున్న హీటింగ్ ప్యాడ్ నాకిచ్చి, ఆ మనిషి మాటలు పడుతున్నాడు. గది కూడా పోతోంది.”

“తాతయ్యకి చెప్పేద్దాం అమ్మమ్మా. తాతయ్య తిట్టరు.”

“తిట్టరు. తిడితే బాగుండును. తిట్టి మర్చిపోతారు కదా. ఆయన లెక్క చెప్తారే. దీనికి ఇంత కాలింది, రేపటికింత, చలికాలమంతా ఇంత అని చెప్తారు. అది విన్నాక ఇంక మోకాలి మీద పెట్టుకోబుద్ధి కాదు.”

మీటరు తాత చెయ్యి స్విచ్చు మీదే ఉండిపోయింది. ఆవిడ మోకాలు నొప్పి సంగతి ఆయనకి తెలియదు. ఎవరింట్లో ఏ గోడలో ఏ వైరుందో చెప్పగలిగే మనిషికి, తన ఇంట్లో తన పక్కన నడిచే మనిషి కుంటుతోందని తెలియలేదు. ముందు కోపం వచ్చింది, ముగ్గురూ ఏకమై తనని వెర్రివాణ్ణి చేశారని. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకే సిగ్గు వచ్చింది. దించిన స్విచ్చులన్నీ పైకి లేపాడు. చుక్క మళ్ళీ మినుకుమంది. వచ్చిన పక్కగేటునుంచే చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళిపోయి, రోజూ వచ్చే వేళకి ముందుగేటునుంచి వచ్చాడు.

మీరేం దాచారో నాకు తెలుసు అని ఒక్కమాట అనేస్తే సరిపోయేది. అలా అనడం ఆయనకి రాదు. ఎవరినైనా డొంకతిరుగుడుగా అడిగి నిజం రాబట్టడమే జీవితమంతా చేశాడు. అందుకని భోజనం దగ్గర గొంతు సవరించుకున్నాడు.

“ఈ చలికి కీళ్ళనొప్పులు వస్తాయంటారు. హీటింగ్ ప్యాడ్ లాంటివి మంచివేనట. పెద్దగా కరెంటు కూడా తాగవు.”

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. మనవరాలు అమ్మమ్మ వంక ఒకసారి, తాతయ్య వంక ఒకసారి చూసి, ఎంతో తేలిగ్గా అంది:

“అలాంటివి మనకెందుకు తాతయ్యా. దండగ.”

అచ్చం తన మాటే, తన గొంతుతోనే. బాగా నేర్పాడు.

మర్నాటి నుంచి మీటరు ఫ్రిజ్ తాగినదానికి మించి పెరగలేదు. తాతయ్య పసిగట్టేశాడని, ఉచ్చు బిగిస్తున్నాడని వాళ్ళకి అనుమానం వచ్చింది. ప్యాడ్ మేడ మీదికి వెళ్ళిపోయింది.

ఆదివారం పిల్లలు వచ్చారు. వరండా చాలక మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఇంటిని నిద్రపుచ్చారు. చుక్క ఆగిపోయింది. ఎంతసేపు చూసినా మళ్ళీ రాలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే భార్య మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. ఒక చేత్తో పళ్ళెం, రెండో చెయ్యి గోడకి. గడప దగ్గర కాలెత్తబోయి ఆగి, పళ్ళ బిగువున దాటింది. ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆయనొక్కడే చూస్తున్నాడు.

“ఇంత తక్కువకి ఎలా తెచ్చారు తాతా? మాకూ చెప్పండి,” అన్నాడొక కుర్రాడు.

మీటరు తాత, “పాఠం ఇంకోరోజు చెప్తాను,” అని అందరినీ పంపేశాడు.

పిల్లలు వెళ్ళగానే వంటింట్లోకి వెళ్ళాడు. ఇంక తిప్పి తిప్పి మాట్లాడే ఓపిక లేదు.

“ఆ ప్యాడ్ తెచ్చుకుని పెట్టుకో.”

“ఏ ప్యాడండీ?”

“మోకాలికి.”

“నా మోకాలికేమైందండీ. బాగానే ఉంది,” అంటూ ఆవిడ ఆయనకి కనపడేలా వంటింట్లో అటూ ఇటూ నడిచింది. నొప్పి అణుచుకుని, గోడ ముట్టుకోకుండా నడిచింది. అది చూడలేక ఆయన బయటికొచ్చేశాడు.

టైలరు దగ్గరికి వెళ్ళాడు. గది ఖాళీ చేయనక్కర్లేదన్నాడు, తప్పు తనదేనన్నాడు. ఆ ప్యాడ్ మళ్ళీ కింద ఇవ్వమన్నాడు. టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

“ఏ ప్యాడండీ? నాకేం తెలీదు.”

ప్యాడ్ అతని కుర్చీలోనే ఉంది, రంగురంగుల గుడ్డముక్కలతో కుట్టిన గలీబు తొడుక్కుని. ఇద్దరూ దాని వంకే చూశారు.

“నేను పరీక్ష పెట్టడం లేదయ్యా. నమ్ము,” అన్నాడు మీటరు తాత. జీవితంలో ఆ ‘నమ్ము’ అన్న మాట ఎన్నో ఇళ్ళలో విన్నాడు, ఎక్కడా నమ్మలేదు.

టైలరు దారం కొసకి ముడి వేశాడు. “మీరడిగారని ఇస్తే అమ్మగారు ముట్టుకోరండీ,” అన్నాడు చివరికి. “మీరు ఇంట్లో లేరని తెలిస్తే పాప తనే వచ్చి పట్టుకెళ్తుంది. మీరుండగా మాత్రం జరగదు. అంతే నాకు తెలిసింది.”

దాంతో మీటరు తాత ఇంట్లో ఉండటం తగ్గించాడు. భోజనం కాగానే, హాల్లో పనుందని బయల్దేరిపోతాడు. క్లాసు లేని రోజున కూడా వెళ్తాడు. తాళం తీసి, ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా కూర్చుంటాడు, లేకపోతే బస్టాపు బెంచీ మీద వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చుంటాడు. ఈయన ఎవరి మీద నిఘా వేశాడో అని వీధిలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఇల్లు చేరేటప్పుడు మలుపు దగ్గర్నుంచే దగ్గుతాడు. మీటరు చూడటం మాత్రం మానలేదు. ఆ కాస్త పెరిగి ఉంటే ఆయనకి ప్రాణం కుదుటపడుతుంది, ఇవాళ ఆవిడ మోకాలికి వేడి తగిలిందని. ఒక్కమాటైనా అడగకుండా భార్య సుఖం కనుక్కునే దారి ఆయనకి అదొక్కటే మిగిలింది.

ఒక సాయంత్రం వచ్చి చూస్తే అంకె పెరగలేదు. మళ్ళీ చూశాడు. ఫ్రిజ్ తాగింది తప్ప ఏమీ లేదు. లోపల పక్కింటావిడ అప్పుడే లేచి వెళ్తోంది, మధ్యాహ్నం నుంచీ కూర్చుందట. భార్య వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, “వచ్చేశారా,” అంది. ఆ గొంతులోనే నొప్పి తెలిసిపోయింది. బయట సన్నగా తుంపర మొదలైంది.

“హాలు తాళం వేశానో లేదో. చూసొస్తాను,” అన్నాడు, విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుంటూ.

మనవరాలు తలుపు దగ్గర నిలబడి ఆయన ముఖంలోకి చూసింది. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. ఆ పిల్ల అది చూసింది.

“ఎంతసేపు పడుతుంది తాతయ్యా?” అంది అనుమానంగా.

“చాలాసేపు పడుతుందమ్మా,” అన్నాడు మీటరు తాత.

గొడుగు తీసుకుని, చప్పుడు వెనకగది దాకా వినపడేలా గేటు గట్టిగా వేసి, వీధిలోకి నడిచాడు.